హాస్యసంజీవని: కందుకూరి వీరేశలింగము పంతులుగారి చరిత్రము

మతవిషయమున నవ్వవచ్చునా యను ప్రశ్న మన ప్రాంతమునకు క్రొత్తది గాదు. ఖమ్మము మండలమునందలి నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారై, ప్రభుధనమును భద్రాద్రి రాముని యాలయమునకు వ్యయపరచి, గోలకొండ చెరసాలలో పడియున్న కాలమున తాను చేయించిన నగలకు లెక్కచెప్పి స్వామినే దెప్పిపొడిచెను. ఆ కీర్తనలను నేటికిని భక్తులు కన్నులు మూసికొని పాడుచున్నారు. వానిని దైవదూషణ మని యెవ్వరును తలపరు. విగ్రహములను, యాత్రలను, వేషధారులను ఎత్తిపొడిచిన వేమన పద్యములు బడిపిల్లలకు సైతము కంఠస్థములై యున్నవి. ఇట్లు దేవుని దెప్పిన భక్తునిని, సంసారము వదలిన విరక్తునిని లోకము మన్నించినది. సంసారియై, ఊరి నడుమ కాపురముండి, దేవుని పేరు చెప్పి ధనమార్జించువారిని వారి యెదుటనే నవ్వులపాలు చేసిన మనుష్యుని మాత్రము అంత సులభముగా మన్నింపలేదు. అట్టివారిలో ఆంధ్రదేశమున అగ్రగణ్యులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వారి సంఘసంస్కారమును గూర్చి అనేకులు వ్రాసియున్నారు. వారి హాస్యమును గూర్చియు, ఆ హాస్యమునకు వారి గృహము చెల్లించిన మూల్యమును గూర్చియు ఇచట ముఖ్యముగా చెప్పదలచితిమి.

భద్రాచలము దాటిన గోదావరి పాపికొండల నడుమ ఇరుకుదారిని దూరి, మైదానమున పడి రాజమహేంద్రవరమును చేరును. రైళ్లును మంచి బాటలును లేని దినములలో శ్రీరామనవమి యాత్రికులు ఆ పట్టణమునుండి పడవలపై ఏటికెదురుగా వచ్చెడివారు. 1874వ సంవత్సరమున భద్రాచలము తాలూకా మధ్యపరగణాలనుండి విడదీయబడి గోదావరీ మండలమున చేర్చబడెను. అది మొదలు 1959లో ఖమ్మము మండలమున కలియువరకును మన యడవిపొలిమేర గోదావరీ తీరమువారితో నొక్క యేలుబడిక్రింద నుండెను. ఆ 1874వ సంవత్సరముననే, అక్టోబరు నెలలో, రాజమహేంద్రవరమునకు కొలది మైళ్ల దూరమందున్న ధవళేశ్వరమున నొక బడిపంతులు వివేకవర్ధని యను పత్రికను ప్రారంభించెను. అప్పటికాయనకు ఇరువదియారేండ్లు.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీని రాజమహేంద్రవరమున సుబ్బరాయుడుగారికిని పున్నమ్మగారికిని జనించిరి. ఆరు మాసముల ప్రాయమున మశూచికము సోకి, బ్రతుకుట కష్టమై, ఎట్లో బయటపడిరి. నాలుగవయేట తండ్రి గతించెను. పెదతండ్రియగు వేంకటరత్నముగారి పోషణమున పెరిగిరి. ఉబ్బసము, దగ్గు జీవితాంతము విడువలేదు. పదుమూడవయేట, అనగా 1861లో, ఎనిమిదేండ్ల బాపమ్మతో వివాహమయ్యెను. ఆమెయే తరువాత రాజ్యలక్ష్మమ్మగారని దేశమంతట పేరుగాంచినది. బాల్యవివాహములను నవ్వి నవ్వి పాఱద్రోలవలెనని పూనుకొన్నవారి వివాహమే అట్టిది. తాము నవ్విన ఆచారములలో పెక్కింటిని వారు స్వగృహముననే చూచి, అనుభవించి యెఱుగుదురు. తల్లికి దయ్యములనిన భయము, మంత్రగాండ్రనిన విశ్వాసము. కుమారుడును చిన్నతనమున మంత్రోపదేశములు పొంది, జపములు చేసి, ఉపవాసములుండి, ప్రదక్షిణములు చేసినవారే. కనుకనే పంతులుగారి వెక్కిరింపు దూరమునుండి చూచి నవ్వు పరదేశీయుని వెక్కిరింపువలె నుండదు. మంత్రగాడు ఏ మాటకు ఏ యిల్లాలు బెదరునో, ఏ బెదరునకు ఎన్ని రూపాయలు వచ్చునో ఇంటి లోపలినుండి చూచినవారి హాస్య మది.

పాఠశాలయందు చదువు దినములలో కేశవచంద్రసేనుని యుపన్యాసములు చేతికి చిక్కెను. వానిని చదివిన పిమ్మట విగ్రహములయందును, శకునములయందును నమ్మిక సడలి, పరమేశ్వరు డొక్కడే యను నిశ్చయము క్రమముగా స్థిరపడెను. 1869లో ప్రవేశపరీక్షయందు కృతార్థులై, జీవనోపాయమున కేమి చేయుదమని యోచించు కాలమున న్యాయవాద పరీక్షకు చదువవలెనని కొంత తలంచిరట. ఆ వృత్తియందు అసత్యమాడక గడవదని తోచి మానుకొని, ఉపాధ్యాయులైరి. మా వృత్తివారి కిది యంత ప్రియమైన సంగతి కాదు గాని, చరిత్ర చరిత్రయే. 1872లో కోరంగిలోను, 1874లో ధవళేశ్వరములోను ప్రధానోపాధ్యాయులుగా నుండి, పిమ్మట రాజమహేంద్రవర కళాశాలయందు ఆంధ్రపండితపదవిని పొంది, అందు చిరకాలముండిరి. 1874లోనే ధవళేశ్వరమున బాలికల కొక పాఠశాలను స్థాపించిరి.

భాషావిషయమున వారు మొదట మహాకఠినమైన మార్గమున నడచినవారు. శుద్ధాంధ్రమున, అందును పెదవులు కదలని యక్షరములతో నొక నైషధకావ్యమును రచించిరి. పండితులు తలలూపిరి. అట్టి విద్యచే ఒక బాలికకు అక్షరము రాదు, ఒక లంచగొండికి సిగ్గు రాదు. వివేకవర్ధని యారంభించిన పిమ్మట ఆ సంగతి వారికి త్వరలోనే తెలిసివచ్చెను. ఆ పత్రిక మొదట చెన్నపురిలో అచ్చగుచుండెను. తరువాత రాజమహేంద్రవరమున సొంత ముద్రాయంత్రము నెలకొల్పిరి. అందు కచ్చేరీలయందలి లంచములు, కట్టు సాక్ష్యములు, భోగముమేళములు, కన్యాశుల్కము, గురువుల పాదకానుకలు నెలనెల బయటబడుచుండెను.

అంతట ప్రతిపక్షము లేచినది. ఆంధ్రభాషాసంజీవని యను పత్రికకు సంపాదకులైన కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు మహాపండితులు, పూర్వాచారపరాయణులు. వివేకవర్ధనికి ఎదురుగా వారు హాస్యవర్ధని యను దానిని వెలువరించిరి. వీరేశలింగము పంతులుగారు వెంటనే 1876లో హాస్యసంజీవని యను పేర నొక పత్రికను వివేకవర్ధనితో జతచేసిరి. చదువరులు ఆ పేర్లను మరల చూడవలెను. వారు వీరి వర్ధనిని గైకొని హాస్యమునకు ముడిపెట్టిరి. వీరు వారి సంజీవనిని గైకొని హాస్యమునకే ముడిపెట్టిరి. తెలుగునందు హాస్యపత్రిక యనదగినది ఇట్లొక తగవునందు పుట్టినది. ఇద్దరు బ్రాహ్మణపండితులు శాస్త్రవాదములు మాని, ఎవరు ఎవరిని ఎక్కువ నవ్వింతురో చూతమని బరిలోనికి దిగుట దేశమునకు శుభమే యైనది. ఏలయన, శాస్త్రవాదము సంస్కృతము వచ్చినవారికే తెలియును. నవ్వు అంగడివీథిలోని కోమటికిని, వంటయింటిలోని ముత్తైదువకును తెలియును.

ఈ పత్రికలయందే పంతులుగారి ప్రహసనములు వెలువడెను. వానిలో మొదటిది 1876 నాటి బ్రహ్మవివాహము. పెద్దయ్యగారి పెండ్లి యని జనులు దానిని పిలిచిరి. కాటికి కాళ్లు చాచిన వరుడు, ధనము పుచ్చుకొని కూతు నిచ్చెడి తండ్రి, ఏ జాతకమునైనను ఏ జాతకముతోనైనను కుదిర్చెడి పెద్దమనుష్యులు అందు పాత్రలు. జంతువుల రూపమున పండితసభను వర్ణించు తిర్యగ్విద్వన్మహాసభ యను నొక ప్రహసనము కలదు. కలిపురుష శనైశ్చర విలాసమని మఱియొకటి. అభాగ్యోపాఖ్యానమని ప్రబంధములకు చురకవేయు నొక హాస్యకృతి. వీనిలో కొన్ని నేడు చదువగా చప్పగా నున్నవి. ఆనాటి రాజమహేంద్రవరపు మనుష్యుల ముఖములు మనము చూచినవారము గాము. ఎవరిని పోల్చి వ్రాసినదియు తెలియక, నవ్వులో సగము పోయినది.

వ్యవహారధర్మబోధిని యను దాని సంగతి వేఱు. దానిని జనులు ప్లీడరు నాటకమని వాడుకగా పిలిచిరి. కక్షిదారుని పీల్చి పిప్పిచేయు వకీలు, బోధించినట్లు పలుకు సాక్షి అందు కలరు. పాత్రలు తమ తమ వాడుకమాటలనే యాడుదురు. 1880లో పంతులుగారి శిష్యులే వేషములు కట్టి రాజమహేంద్రవరమున దానిని ప్రదర్శించిరి. ఆధునికాంధ్ర నాటకప్రదర్శనమునకు దానినే మొదలుగా పలువు రెన్నుదురు. మా వృత్తిని గూర్చి అంత కఠినముగా వ్రాసిన పుస్తకము మఱియొకటి లేదు. అయినను దానిని చదివిన న్యాయవాది కోపగించుకొనుటకు వీలులేకుండ నవ్వు వచ్చును. సాక్షికి పాఠము చెప్పు ఘట్టము నేటి ఏ కోర్టు ఆవరణయందలి చెట్టుక్రిందనైనను జరుగగలదు.

ఇక రాజశేఖర చరిత్రము. ఇది 1878లో వివేకవర్ధనియందు ప్రకరణములుగా ప్రారంభమై, 1880లో పుస్తకముగా వెలువడెను. ఆంగ్లమున గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన వేక్‌ఫీల్డు గ్రామపురోహితుని కథ దీనికి ప్రేరకము. కాని కథనంతయు పంతులుగారు ధవళేశ్వరమునకు తెచ్చిరి. రాజశేఖరుడు ధనవంతుడు, దాత, చదువుకొన్నవాడు, సత్పురుషుడు. ఇతని కొలువున ముఖస్తుతి చేయువారు చేరుదురు. జనార్దనస్వామి యుత్సవమున కుమార్తె మెడలోని నగ పోవును. పోయిన సొమ్ము చెప్పువారు వత్తురు. అల్లుడు పోయినాడని యొక యబద్ధపువార్త వచ్చును. కుమార్తెకు గాలిసోకినదని మంత్రజ్ఞులు వత్తురు. చివరకు బంగారము చేయుట నేర్చిన బైరాగి వచ్చును. రాజశేఖరుడు ఇంటనున్న వెండిబంగారములను తెచ్చి అతని పుటమునకు సమర్పించును. బైరాగియు బంగారమును కూడ మాయమగుదురు. ధనము పోయినతోడనే ముఖస్తుతి చేసినవారు వీథిలో కనబడినను పలుకరింపరు. అటుపిమ్మట రాజశేఖరుడు కుటుంబముతో కాశీయాత్రకు బయలుదేరి, త్రోవలో దొంగలచేతను దుర్మార్గులచేతను పడరాని పాట్లు పడి, పెద్దాపురమున చెరసాల చూచి, తుదకు మేలునొందును. 1887లో హచిన్సన్ దొర దీనిని ఆంగ్లమున తర్జుమాచేసి లండనులో ప్రకటించెను.

ఈ బైరాగి ఘట్టమునం దొక సూక్ష్మమున్నది. పంతులుగారు మోసగించుటకు ఎన్నుకొన్నవాడు నిరక్షరకుక్షి గాడు, నిరుపేద గాడు. ఊరికి పెద్ద, పదిమందికి బుద్ధిచెప్పువాడు. అతడు మోసపోవుటకు కారణము అజ్ఞానము మాత్రమే కాదు. ఉన్నదానికంటె ఎక్కువ కావలెనను కోరిక, ఆ కోరికకు భక్తి యను మేలిముసుగు. పుటముముందు కూర్చుండి బంగారము కొఱకు కనిపెట్టుకొనియున్న మనుష్యుని చూచి మనము నవ్వుదుము. నవ్వుచుండగనే మనము కూర్చున్న పుటములు జ్ఞప్తికి వచ్చును. రాజశేఖరుని చెడ్డవానిగా చేసియున్నచో ఈ నవ్వు ఇంత లోతుకు దిగియుండదు. పంతులుగారి కథలలో బైరాగి తప్పించుకొని పోవును, శిక్షపడునది నమ్మినవానికి. లోకమునందును జరుగుచున్నది ఇదియే గదా.

మన యడవి పొలిమేరలయందు ఈ కథ నవ్వుతో ముగియదు. ధవళేశ్వరపు గృహస్థుడు మంత్రగానిని నమ్మి నగలు పోగొట్టుకొనెను. ఇచట ప్రాణములు పోవుచున్నవి. వైద్యశాల దూరముననున్న పల్లెలో నొక బిడ్డ జ్వరమున మరణించును. ఏజెన్సీ ప్రాంతమున ఆ జ్వరము మలేరియా యగుట సాధారణము. మంత్రగానిని పిలిచి యడుగగా, ఎవరో చేతబడి చేసినారని చెప్పును. చేసినవాడెవ్వడో ఆనవాలు కూడ చెప్పును. ఆ యానవాలు తఱచుగా ఊరిబయట ఒంటరిగా బ్రతుకు ముసలివానికో, దిక్కులేని విధవకో సరిపడును. పిమ్మట కఱ్ఱలతోడి గుంపు బయలుదేరును. చేతబడి, బాణామతి యను ననుమానముపై మనుష్యులను చంపిరను వార్తలు ఖమ్మము, భద్రాచలము మొదలుగా తెలంగాణమునందలి పెక్కుచోట్లనుండి ఇప్పటికిని పత్రికలకెక్కుచున్నవి. ఇట్టి నేరములలో ముద్దాయిలుగా నిలిచినవారు దొంగలు గారు, తాగుబోతులు గారు. తమ బిడ్డలను కాపాడుకొంటిమని దృఢముగా నమ్మినవారు. ఆనవాలు చెప్పిన మంత్రగాడు మాత్రము పలుమారులు సాక్షులపట్టికలో కూడ కనబడడు. అతడును పంతులుగారి బైరాగివలె మూలికలకు పోయియుండును.

కోయవాడు దయ్యములను నమ్మునని పట్టణమువాడు నవ్వుట సులభము. పంతులుగారు ఆ పని చేయలేదు. ఆయన నవ్వినది పట్టణమువానిని. అయినను ఒక లోపము చెప్పక తప్పదు. ఆయన కథలలో అడవి యనగా దొంగలు పొంచియుండు చోటే గాని, అందు కాపురముండి పోడుచేసికొను మనుష్యులు కానరారు. గోదావరి నీటిని త్రాగినవారికి ఆ నీరు ఎచటనుండి వచ్చుచున్నదో తెలియకపోవుట ఆనాడు పంతులుగారి యొక్కరి లోపమే కాదు.

నవ్వుచే నేమి ప్రయోజనము, శాసనము చేసిన చాలదా యని కొందఱందురు. దీనికి చరిత్రయే యుత్తరము. ఈశ్వరచంద్ర విద్యాసాగరుల ప్రయత్నముచే విధవావివాహములను అంగీకరించు శాసనము 1856లోనే పుట్టెను. శాసనము పుట్టి 25 సంవత్సరములైనను రాజమహేంద్రవరమున దానిని వినియోగించుకొన్న యిల్లు లేదు. తండ్రులు పుత్రికల దుఃఖమును చూడలేక ఏడ్చుచునే యుండిరి. అడ్డుపడినది చట్టము గాదు, భయము. పురోహితుడు రాడు, చాకలి రాడు, వియ్యాలవారు గడప త్రొక్కరు, గురువు వెలివేయును. ఈ భయమును శాసనము తీయలేదు. గురువును చూచి ఒకసారి నవ్వినవానికి మాత్రము రెండవసారి అంత భయము వేయదు. 1876 మొదలు ఐదేండ్లు ప్రహసనములు చేసినది ఈ పని. 1879 ఆగస్టులో పంతులుగారు విధవావివాహమును గూర్చి రాజమహేంద్రవరమున మొదటి యుపన్యాస మిచ్చిరి. శాస్త్రప్రమాణములన్నియు అందు చూపిరి. వినవచ్చినవారిలో పలువురు అంతకుముందే ఆయన వ్రాతలను చదివి నవ్వియున్నవారు.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీరాత్రి మొదటి వివాహము జరిగెను. వధువు గౌరమ్మ, ఖమ్మము ఎల్లకు ఆనుకొనియున్న కృష్ణా మండలపు తిరువూరు ప్రాంతమునుండి వచ్చిన బాలిక. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు. వీథులలో రక్షకభటులు నిలిచియుండగా, శిష్యులు కావలికాయగా, మంగళవాద్యములు మ్రోగెను. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. నాలుగు దినములకే, 15వ తేదీని, రెండవ వివాహము జరిగెను.

అప్పుడు నవ్వుటకు ఎదుటిపక్షమువంతు వచ్చినది. వారు నవ్వలేదు, వెలివేసిరి. విరూపాక్ష శంకరాచార్యులవారి బహిష్కారపత్రికలు వచ్చెను. వివాహమున భోజనముచేసినవారిలో కొందఱు తిరిగి ప్రాయశ్చిత్తములు చేసికొని, తల గొఱిగించుకొని, జాతిలో కలిసిరి. ఇంట వంటవాడు మానెను. నీరు తెచ్చువాడు మానెను. రాజ్యలక్ష్మమ్మగారు తామే బిందె చంకనిడుకొని గోదావరికి పోయి నీరు తెచ్చి, వివాహమునకు వచ్చినవారి కందఱికిని వండిపెట్టిరి. పంతులుగారి గ్రంథములను ముద్రించినప్పుడు సంపుటములమీద ఆయన పేరొక్కటే యుండును. కాని ఆ ప్రహసనముల మూల్యమును రొక్కముగా చెల్లించినది ఈమె. వ్రాయువాడు గదిలో కూర్చుండి వ్రాయును. నీళ్లరేవున నిలిచి పదిమంది మాటలు పడవలసినది ఇల్లాలు. ఇంట చేరిన విధవాబాలికలకు తల్లియైనదియు, పుట్టిన పిల్లలు లేని ఆమెయే.

1890 తరువాతి సంవత్సరములలో న్యాపతి సుబ్బారావు పంతులుగారి చింతామణి పత్రికయందు సత్యరాజా పూర్వదేశయాత్రలు వెలువడెను. వెక్కిరింపు కథలలో పంతులుగారి కౌశలమునకు ఇదియే పరాకాష్ఠ యని మా యభిప్రాయము. ఆంగ్లమున స్విఫ్టు 1726లో ప్రకటించిన గలివరు యాత్రలు దీనికి మాతృక. ఆ స్విఫ్టు డబ్లిన్ పట్టణమున నొక గొప్ప దేవాలయమునకు అధికారియైన మతాచార్యుడు. క్రైస్తవశాఖల కలహములను పరిహసించుచు 1704లో నొక కథ వ్రాసి, దానిమూలమున పైపదవులు పోగొట్టుకొన్నాడని చెప్పుదురు. మతమును విడిచినవాడు గాదు, మతమునందుండి నవ్వినవాడు. ఆ విషయమున వీ రిరువురకు చుట్టఱిక మున్నది.

స్విఫ్టుకథయందు యాత్రికుడు జానెడు మనుష్యుల దేశమునకు పోవును. మన సత్యరాజాచార్యులు ఆడుమళయాళమునకు పోయెను. అచట ఏలువారు, చదువువారు, వీథులలో తిరుగువారు స్త్రీలు. పురుషులు ఇంటిలోపల నుందురు. వారికి చదువు చెప్పించుట కీడని పెద్దలు నమ్ముదురు. పాతివ్రత్యమునకు బదులు పత్నీవ్రత్యము; దానికి తగిన ధర్మశాస్త్రములు, దానికి తగిన పురాణకథలు. మన దేశమున స్త్రీని గూర్చి చెప్పు ప్రతిమాటయు అచట పురుషుని గూర్చి గంభీరముగా చెప్పబడును. సత్యరాజాచార్యులు ఆశ్చర్యపడును, బాధపడును, ఇది యన్యాయమనును. తన దేశమునందు తానే ఆ యన్యాయమును ధర్మమని యనుసరించుచున్నట్లు అతనికి తోచదు. రచయిత యెచ్చటను చేయిచూపి చెప్పడు. పదునైదేండ్లు ఉపన్యాసములచే చెప్పినది ఇచట ఒక్క తారుమారుచే చెప్పబడినది. ఉపన్యాసము విన్నవాడు శాస్త్రము తెచ్చి వాదింపవచ్చును. తన శాస్త్రమే ఆడవేషము వేసికొని తనయెదుట నిలిచినప్పుడు ఏ శాస్త్రము తెచ్చును? తరువాతి యాత్ర లంకాద్వీపమునకు, అచటివారు మహాకాయులు.

న్యాయశాస్త్రము నభ్యసించినవారి కిచట నొక ప్రశ్న తోచును. ఇట్టి వ్రాతలు మతావమానమున క్రిందికి వచ్చునా? పంతులుగారి కాలమున 1860 నాటి శిక్షాస్మృతి యమలునందుండెను. ఆయనకు దానివలన నిజమైన భయము పరువునష్టమును గూర్చిన 499వ విభాగము. లంచగొండులను బయటపెట్టు సంపాదకుని మెడపై ఆ కత్తి యెప్పుడును వ్రేలాడును. మతమును బుద్ధిపూర్వకముగా అవమానించుటను శిక్షించు 295-ఎ విభాగము ఆయన పోయిన యెనిమిదేండ్లకు, 1927లో, పంజాబునందు పుట్టిన యొక పుస్తకపు వివాదము పిమ్మట చేర్చబడెను. 1957లో అత్యున్నతన్యాయస్థానము దానిని సమర్థించుచు, బుద్ధిపూర్వకమును ద్వేషపూరితమునైన యవమానమునకే అది వర్తించునని తీర్మానించెను. 2024 జులై 1వ తేదీనుండి పాత స్మృతి పోయి భారతీయ న్యాయసంహిత వచ్చినప్పుడు ఆ నిబంధనమే 299వ విభాగమైనది. ఈ గీటురాతిమీద పంతులుగారిని గీచి చూడవచ్చును. ఆయన 1878లోనే ప్రార్థనసమాజమును స్థాపించి, దినదినము ఈశ్వరుని ప్రార్థించినవారు. ఆయన కథలలో ఈశ్వరుని గూర్చి పరిహాసము లేదు. ఈశ్వరునికిని మనుష్యునికిని నడుమ బల్లవేసికొని కూర్చుండి, రెండువైపుల పద్దు వ్రాయువాని గూర్చియే పరిహాసము. ఇందు ద్వేషము కనబడదు. అయినను నేటి కాలమున అట్టి ప్రహసనమును అచ్చువేసినవాడు ఏదో యొక ఠాణాలో ఫిర్యాదును ఎదుర్కొనడని మేము పూటపడజాలము. శిక్షపడకపోవచ్చును, నాలుగేండ్లు వాయిదాలకు తిరుగుటయే శిక్ష.

ఆయన నవ్వులన్నియు న్యాయమైనవే యని చెప్పుట స్తోత్రమగును. పత్రికలలో వ్యక్తులను పేరెత్తకయే పోల్చుకొనునట్లు వ్రాయుటయందు ఆయన పెక్కుసారులు మేర మీఱిరి. భోగమువారి విషయమున ఆయన హాస్యము మిక్కిలి కఠినము. ఆ స్త్రీలను ఉంచుకొన్న ధనికులను దూషించిరి, నిజమే. కాని దూషణ తగిలి, మేళములు పోయి, జీవనము చెడినది ఆ స్త్రీలకు. సంగీతమును నాట్యమును కాపాడిన వంశము లవి. వారికి బదులు బ్రతుకుతెరువు చూపుట యెవరికిని తోచలేదు. గురువును, వకీలును, బైరాగిని నవ్వునప్పుడు ఆయన బలవంతుని నవ్వెను. ఇచట మాత్రము బలము ఆయనవైపున నుండెను.

తరువాతి జీవితమును క్లుప్తముగా చెప్పెదము. 1890లో రాజమహేంద్రవరమున పురమందిరమును కట్టించిరి. 1893లో ప్రభుత్వమువారు రావుబహద్దరు బిరుదమిచ్చిరి. 1898లో చెన్నపురిలో జరిగిన సంఘసంస్కరణ మహాసభకు అధ్యక్షులైరి. 1899లో చెన్నపురి రాజధానీకళాశాలకు పండితులుగా పోయి కొన్నియేండ్లుండిరి. 1906లో యజ్ఞోపవీతమును విసర్జించిరి. ఆ సంవత్సరముననే హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తి నంతయు దానికి వ్రాసియిచ్చిరి. 1910 ఆగస్టు 11వ తేదీని రాజ్యలక్ష్మమ్మగారు నిద్రయందే కన్నుమూసిరి. ఆయన స్వీయచరిత్రమును ఆమె పోయిన పిమ్మట అచ్చువేసిరి.

ఈ లోపల ఆయన నాటిన విత్తు ఇతరుల తోటలలో పండినది. విజయనగరమున గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడెను. అందు సంస్కారమును నోటిమాటగా వల్లించుచు తిరుగు గిరీశము కూడ హాస్యమునకు పాల్పడెను. సంస్కర్తనే నవ్వగల నాటకము పుట్టుట పంతులుగారి పాఠశాలకు అపజయము గాదు.

చివరిమాట భాషనుగూర్చి. పెదవులు కదలని పద్యములతో ప్రారంభించిన మనుష్యుడు ప్రహసనములయందు మాత్రము మొదటినుండియు సేవకులచేతను, స్త్రీలచేతను, సాక్షులచేతను వాడుకతెలుగే పలికించెను. గ్రంథములకు గ్రాంథికమే తగునని చిరకాలము నమ్మెను. 1919వ సంవత్సరము ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్రభాషా ప్రవర్తక సమాజము ఏర్పడినప్పుడు, గిడుగు రామమూర్తి పంతులుగారు మొదలగువారు కోరగా, డెబ్బదియొక్క యేండ్లు నిండవచ్చిన వృద్ధుడు దానికి అధ్యక్షుడయ్యెను. మూడు మాసములు గడచెను. చెన్నపురిలో ఆంధ్రకవుల చరిత్రమును తిరిగి సవరించుచు, మే 27వ తేదీని వీరేశలింగము పంతులుగారు పరమపదించిరి. సవరింపవలసిన కాగితములు ఇంకను మిగిలియుండెను.